యాసిడ్‌లో కరిగిన బంగారం, ప్లాటినం మళ్ళీ చేతికి రావాలంటే: సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్ మీద ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారమండి. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోంది కదా, సరే మొదలుపెడదాం. ఈరోజు మాట్లాడుకునేది యాసిడ్‌లో కరిగి ఉన్న బంగారం, పల్లాడియం, ప్లాటినం, ఇంకా వాటి చుట్టాలైన రోడియం, ఇరిడియం లాంటివి, వీటిని ఒకదాన్నుంచి ఇంకోదాన్ని ఎలా విడదీస్తారు అని. ఈ సబ్జెక్టు మీద వచ్చే పేపర్లు చూస్తే చాలావాటిలో హెడ్డింగ్ ఒకేలా ఉంటుంది, మా కొత్త రీఏజెంట్, అంటే లోహాన్ని పట్టుకునే రసాయనం, ఇంత శాతం బంగారాన్ని లాగేసింది అని. బాగుంది, లాగింది. లాగాక ఏం చేశారు? వదిలిందా? ఎన్నిసార్లు వాడినా అలాగే వదిలిందా? ఆ ముక్క కోసం వెతికితే పేపర్ చివర రెండు లైన్లు దొరుకుతాయి, ఒక్కోసారి అవీ ఉండవు. ఈ గంటలో నేను మీకు చెప్పాలనుకున్నది ఇదే, ఈ లోహాల్ని పట్టుకునే సాల్వెంట్లు బోలెడున్నాయి, రిఫైనరీలో ఏది నిలబడుతుందో తేల్చేది మాత్రం అది లోహాన్ని ఎలా వదులుతుంది అన్న విషయమే, ఒక్కో లోహం దగ్గరికీ వెళ్ళినప్పుడు ఇది మళ్ళీ మళ్ళీ కనపడుతుంది చూడండి.

ముందు అసలు పద్ధతి ఏంటో రెండు నిమిషాల్లో చెప్పేస్తాను, తెలిసినవాళ్ళు ఓపిక పట్టండి. నీళ్ళలో కలవని ఒక ద్రవం తీసుకుంటాం, దాన్ని ఆర్గానిక్ ఫేజ్ అంటాం. లోహాలు కరిగి ఉన్న యాసిడ్ ద్రావణం యాక్వియస్ ఫేజ్. రెండూ కలిపి బాగా గిలక్కొడితే చిన్న చిన్న బిందువులై కలిసిపోయినట్టు కనపడతాయి, వదిలేస్తే మళ్ళీ రెండు పొరలుగా విడిపోతాయి, ఈలోపు కావాల్సిన లోహం ఆర్గానిక్ పొరలోకి మారిపోతుంది, మిగతావి కింద యాసిడ్‌లోనే ఉండిపోతాయి. లోహం పోగా మిగిలిన యాసిడ్‌ని రాఫినేట్ అంటాం. లోహం ఎక్కిన ఆర్గానిక్‌ని ముందు పలచటి యాసిడ్‌తో కడుగుతాం, అది స్క్రబ్, తర్వాత లోహాన్ని దాంట్లోంచి బయటికి దించుతాం, అది స్ట్రిప్. ఖాళీ అయిన ఆర్గానిక్ మళ్ళీ మొదటికి వెళ్తుంది. అంతే, చుట్టూ తిరిగే పని.

దీంట్లో ఒక లెక్క ఉంది, ఇది చూస్తే చాలా విషయాలు వాటంతటవే అర్థమవుతాయి. డిస్ట్రిబ్యూషన్ రేషియో అంటే సమతుల్యం వచ్చాక ఆర్గానిక్‌లో ఉన్న గాఢతని యాసిడ్‌లో ఉన్న గాఢతతో భాగిస్తే వచ్చేది. అది 4 అనుకోండి. ఒక లీటరు యాసిడ్‌కి ఒక లీటరు సాల్వెంట్ ఒకేసారి పోసి కలిపితే ఐదో వంతు, అంటే 20 శాతం లోహం వెనకే ఉండిపోతుంది. అదే లీటరుని అర లీటరు చొప్పున రెండుసార్లు వాడితే ప్రతిసారీ మూడో వంతు మిగులుతుంది కాబట్టి చివరికి తొమ్మిదో వంతు, 11 శాతం. పావు లీటరు చొప్పున నాలుగుసార్లు వాడితే 6.25 శాతం. సాల్వెంట్ మొత్తం అదే లీటరు, వాడే తీరు మార్చాం అంతే. ఇంకా మంచి తీరు ఏంటంటే ఎదురెదురు ప్రవాహం, కౌంటర్ కరెంట్ అంటారు, సాల్వెంట్ ఒక చివర్నుంచి యాసిడ్ రెండో చివర్నుంచి వస్తాయి, ఆఖరి దశలో బాగా చిక్కిపోయిన యాసిడ్‌కి పూర్తిగా తాజా సాల్వెంట్ తగులుతుంది. ఇలా రెండు దశలు పెడితే అదే లీటరుతో 5 శాతం కన్నా తక్కువ మిగులుతుంది, మూడు దశలు పెడితే 1.2 శాతం. కాబట్టి మీ రీఏజెంట్ ఒక్కసారికి 80 శాతమే లాగిందని దిగులు పడక్కర్లేదు, దశలు పెంచుకుంటే సరిపోతుంది. స్ట్రిప్‌కి కూడా ఇదే లెక్క తిరగేసి వర్తిస్తుంది, ఇక్కడే ఇబ్బంది మొదలవుతుంది, డిస్ట్రిబ్యూషన్ రేషియో 1000 ఉన్న సాల్వెంట్ లోహాన్ని ఒక్క దెబ్బకి లాగుతుంది గానీ, పరిస్థితి ఏమీ మార్చకుండా నీళ్ళతో దించాలంటే ఆ వెయ్యి మీకు అడ్డం తిరుగుతుంది.

సరే, అసలు ఈ లోహాలు యాసిడ్‌లో ఏ రూపంలో ఉంటాయి? బంగారం ద్రవరాజంలో కరుగుతుందని స్కూల్లోనే చదువుకున్నాం, మూడు వంతులు హైడ్రోక్లోరిక్ యాసిడ్, ఒక వంతు నైట్రిక్ యాసిడ్. నైట్రిక్ యాసిడ్ పని బంగారాన్ని ఆక్సిడైజ్ చేయడం, క్లోరైడ్ పని అలా ఊడొచ్చిన బంగారాన్ని నాలుగు వైపుల నుంచి పట్టేసి మళ్ళీ వెనక్కి పోకుండా చేయడం. అలా తయారయ్యేది ఒక్క నెగటివ్ ఛార్జి ఉన్న టెట్రాక్లోరో ఆరేట్. పెద్ద రిఫైనరీల్లో ద్రవరాజం బదులు హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లోకి క్లోరిన్ గ్యాస్ పంపి కరిగించడం ఎక్కువ, నైట్రేట్ గొడవ ఉండదు కాబట్టి. వెండి ఒక్కటే ఈ గుంపులో ఉండదు, సిల్వర్ క్లోరైడ్‌గా అడుక్కి దిగిపోతుంది, దాని దారి వేరు.

మిగతావన్నీ క్లోరైడ్‌లతో చుట్టుకుని నెగటివ్ ఛార్జితో తిరుగుతుంటాయి. బంగారానికి ఛార్జి ఒకటి, చుట్టూ నాలుగు క్లోరైడ్లు. పల్లాడియానికి నాలుగు క్లోరైడ్లే, ఛార్జి రెండు. ప్లాటినం నాలుగో ఆక్సిడేషన్ స్థితిలో ఉంటే ఆరు క్లోరైడ్లు, ఛార్జి రెండు. ఇరిడియం నాలుగో స్థితిలో ఉన్నా అంతే, మూడో స్థితికి దిగితే ఛార్జి మూడు అవుతుంది. రోడియానికి మామూలుగా మూడు. ఈ ఛార్జిని గుర్తుపెట్టుకోండి, ఈ కెమిస్ట్రీలో సగం దీంట్లోనే ఉంది. ఎందుకంటే నీళ్ళలో ఉన్న అయాన్ చుట్టూ నీటి అణువులు తొడుగులా అంటుకుని ఉంటాయి, ఆర్గానిక్‌లోకి రావాలంటే ఆ తొడుగు వదిలించుకుని రావాలి. ఛార్జి తక్కువ, సైజు పెద్ద అయితే తొడుగు పలచన, సామాను తక్కువున్నవాళ్ళు ఇల్లు మారినట్టు సులువుగా వచ్చేస్తుంది. అందుకే బంగారం అన్నిటికన్నా ముందు వస్తుంది, తర్వాత రెండు ఛార్జిలున్నవి, మూడు ఛార్జిలున్న రోడియం ఎంత బతిమాలినా రాదు.

ఇక బంగారం దగ్గరికి వద్దాం. 1970లలో లండన్ యాక్టన్‌లో ఉన్న ఇన్‌కో (INCO) అనే కంపెనీ రిఫైనరీ డైబ్యూటైల్ కార్బిటాల్ అనే ఈథర్‌ని బంగారం కోసం వాడటం మొదలుపెట్టింది, అదే కాలంలో మాథీ రస్టెన్‌బర్గ్ అనే వేరే రిఫైనింగ్ కంపెనీ వాళ్ళు మిథైల్ ఐసోబ్యూటైల్ కీటోన్ వైపు వెళ్ళారు. రెండూ బంగారాన్ని లాగుతాయి, కాకపోతే కీటోన్ ఫ్లాష్ పాయింట్ సుమారు 14 డిగ్రీల సెల్సియస్, మామూలు గది వేడిలోనే దాని ఆవిరి అంటుకుంటుంది, నీళ్ళలో కూడా దాదాపు 2 శాతం కరిగిపోతుంది. కార్బిటాల్ ఫ్లాష్ పాయింట్ 100 డిగ్రీల పైనే, నీళ్ళలో కరగడం చాలా తక్కువ. నన్నడిగితే ఈ రెండు కారణాలకే కార్బిటాల్ వైపు మొగ్గుతాను. అయితే అది ఈథర్, గాలి తగులుతూ చాలాకాలం నిల్వ ఉంటే పెరాక్సైడ్లు కడతాయి, టెస్ట్ చేయకుండా పాత డబ్బా తీసి డిస్టిల్ చేయడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు.

మూడు నాలుగు మోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లోంచి కార్బిటాల్ బంగారాన్ని దాదాపు మొత్తం లాగేస్తుంది. దాంతోపాటు ఇనుము కూడా కొంత వస్తుంది, ఎందుకంటే గాఢమైన యాసిడ్‌లో ఇనుము కూడా నాలుగు క్లోరైడ్లు చుట్టుకుని ఒకే ఛార్జితో బంగారంలాగే వేషం వేస్తుంది. యాంటిమొనీ, టెల్లూరియం లాంటివి కూడా కాస్త ఎక్కుతాయి. ఇక్కడ స్క్రబ్ పని చూడండి ఎంత బాగుంటుందో, లోడైన ఆర్గానిక్‌ని 1.5 మోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో కడిగితే క్లోరైడ్ తగ్గింది కాబట్టి ఇనుము ఆ నాలుగు క్లోరైడ్ల రూపాన్ని నిలబెట్టుకోలేదు, విడిపోయి నీళ్ళలోకి దిగిపోతుంది, బంగారం క్లోరైడ్లని చాలా గట్టిగా పట్టుకుని ఉంటుంది కాబట్టి యాసిడ్ పలచబడినా చెక్కుచెదరకుండా పైనే ఉంటుంది. ఒకేలా కనపడ్డ రెండు అయాన్లని కేవలం యాసిడ్ గాఢత మార్చి విడదీశాం. రెండు మూడు కడుగుళ్ళకి ఆర్గానిక్‌లో బంగారం తప్ప చెప్పుకోదగ్గది ఏదీ మిగలదు.

మరి దించడం? ఇప్పుడే చెప్పాను కదా బంగారం యాసిడ్ పలచబడినా పైనే ఉంటుందని, అంటే నీళ్ళతో స్ట్రిప్ చేద్దామంటే రాదు. ఇక్కడ యాక్టన్ వాళ్ళు చేసింది నాకు చాలా నచ్చిన పని, అసలు దించడమే మానేశారు. లోడైన కార్బిటాల్‌లో నేరుగా వేడి ఆక్సాలిక్ యాసిడ్ ద్రావణం కలిపి 80, 90 డిగ్రీల దగ్గర కలుపుతూ ఉంటే బంగారం అక్కడికక్కడే లోహంగా మారి ఇసకలా అడుక్కి దిగుతుంది, ఆక్సాలిక్ యాసిడ్ కార్బన్ డయాక్సైడ్ అయి పోతుంది. లెక్క ప్రకారం రెండు మోల్స్ బంగారానికి మూడు మోల్స్ ఆక్సాలిక్ యాసిడ్, అంటే కిలో బంగారానికి మామూలుగా దొరికే ఆక్సాలిక్ యాసిడ్ స్ఫటికాలు 960 గ్రాముల దాకా, వాస్తవంలో ఇంకొంచెం ఎక్కువే వేస్తారు. ఆ పొడిని వడగట్టి, కడిగి, కరిగిస్తే 99.99 శాతం బంగారం. ఇంకో మంచి విషయం, ఆక్సాలిక్ యాసిడ్ నెమ్మదైన రిడక్టెంట్, యాసిడ్ తగినంత ఉంటే పొరపాటున పైకి వచ్చిన ప్లాటినం, పల్లాడియంలని ముట్టుకోదు. ఇబ్బందల్లా ఇది బ్యాచ్ పని, నిమిషాల్లో అయ్యేది కాదు, వేడి కావాలి, పొడి గోడలకి అంటుకుంటుంది.

ఇక్కడ నైట్రిక్ యాసిడ్ గురించి కాస్త ఆగి చెప్పాలి, ఇది తొందరపడి దాటేసే విషయం కాదు. ద్రవరాజంతో కరిగించిన ద్రావణంలో మిగిలిపోయిన నైట్రేట్, నైట్రోసిల్ సరుకు అంతా ముందే తీసేయాలి, హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోస్తూ ఆవిరి చేయడం గానీ, సల్ఫామిక్ యాసిడ్ కొద్దికొద్దిగా వేయడం గానీ చేస్తారు. తీయకపోతే మూడు రకాలుగా దెబ్బ. ఒకటి ఆక్సాలిక్ యాసిడ్‌ని అది తినేస్తుంది, దిగిన బంగారం మళ్ళీ కరుగుతుంది. రెండు, స్టానస్ క్లోరైడ్ టెస్ట్ అబద్ధం చెప్తుంది, బంగారం ఉన్నా ఊదా రంగు రాదు, ద్రావణం ఖాళీ అనుకుని పారబోస్తారు. మూడోది ప్రాణాల మీదకి వచ్చేది, నైట్రిక్ యాసిడ్, ఆర్గానిక్ సాల్వెంట్, వేడి ఈ మూడూ ఒకచోట చేరకూడదు. యురేనియం, ప్లుటోనియం పరిశ్రమలో ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్ వాడతారు, అది నైట్రిక్ యాసిడ్‌తో కలిసి సుమారు 130 డిగ్రీలు దాటితే రెడ్ ఆయిల్ అనే సరుకు తయారై పేలుతుంది, 1993 ఏప్రిల్‌లో రష్యాలో టామ్స్క్-7 దగ్గర ఒక ట్యాంకు ఇలాగే పేలి చుట్టుపక్కల రేడియోధార్మిక పదార్థం పడింది. మనది క్లోరైడ్ ద్రావణం కదా అని ధీమాగా ఉండొద్దు, అదే ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్ మనమూ వాడబోతున్నాం.

ముందు వరసలో ఎవరో అడుగుతున్నారు, అమోనియాతో బంగారాన్ని దించలేమా అని. మంచి ప్రశ్న, జవాబు మాత్రం చాలా గట్టిగా చెప్పాలి, వద్దు. బంగారం క్లోరైడ్‌కి అమోనియా తగిలితే పేలే బంగారం తయారవుతుంది, ఫల్మినేటింగ్ గోల్డ్ అంటారు, ఆరితే చిన్న రాపిడికి కూడా పేలుతుంది. రసవాదుల కాలం నుంచి తెలిసిన విషయమే ఇది. ఇది ఎందుకు గుర్తుపెట్టుకోవాలంటే తర్వాత వచ్చే పల్లాడియం స్ట్రిప్‌లో మనం వాడేదే అమోనియా. కాబట్టి బంగారం దశ నుంచి బయటికొచ్చే రాఫినేట్‌లో బంగారం లేదని అనాలిసిస్ కాగితం మీద కనపడేదాకా పల్లాడియం దశ వాల్వ్ తిప్పకూడదు. అక్కడ వాడే సల్ఫైడ్ రీఏజెంట్ మిగిలిన బంగారాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, అలా పట్టుకుని అమోనియా దగ్గరికి మోసుకెళ్తుంది. దశల వరస ఎవరో ఇష్టం వచ్చినట్టు పెట్టింది కాదండి, ప్రతి దానికీ వెనక ఇలాంటి కారణం ఉంది.

పల్లాడియం కథ పూర్తిగా వేరు. బంగారం అయాన్ తన క్లోరైడ్లతో సహా అలాగే ఆర్గానిక్‌లోకి నడిచొచ్చింది, పల్లాడియంలో రీఏజెంట్ నేరుగా లోహానికే అంటుకుంటుంది. డైఆక్టైల్ సల్ఫైడ్‌లో గంధకం ఉంది, పల్లాడియానికి గంధకమంటే చాలా ఇష్టం, రెండు క్లోరైడ్లని తోసేసి వాటి చోట రెండు సల్ఫైడ్లు కూర్చుంటాయి, మిగిలినదానికి ఛార్జి ఉండదు కాబట్టి హాయిగా ఆర్గానిక్‌లో కరుగుతుంది. మాథీ రస్టెన్‌బర్గ్ వాళ్ళు ఇదే పనికి హైడ్రాక్సీ ఆక్సైమ్ ఎంచుకున్నారు. ఈ రకం బంధం వల్ల పల్లాడియం పక్కనే ఉన్న ప్లాటినం నుంచి శుభ్రంగా విడిపోతుంది, దానికి కారణం వేగం. లోహం చుట్టూ ఉన్న క్లోరైడ్లు మారడానికి పట్టే సమయం ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది, పల్లాడియంతో పోలిస్తే రెండో స్థితిలో ఉన్న ప్లాటినం సుమారు లక్ష రెట్లు నెమ్మది, నాలుగో స్థితిలో ఉన్నదైతే ఇంకా కదలదు. అంటే సల్ఫైడ్‌తో కలిసినా ప్లాటినం తన ఆరు క్లోరైడ్లనీ వదిలేలోపు మన పని అయిపోతుంది. సమతుల్యం దాకా ఆగితే ఏమవుతుందో అన్నదానికన్నా మనం ఎంతసేపు ఆగుతాం అన్నదే ఇక్కడ విడదీస్తోంది, ఇది నాకు ఎప్పుడు చెప్పినా సంతోషంగా ఉంటుంది.

కానీ పల్లాడియం కూడా తీరిగ్గానే వస్తుంది, డైఆక్టైల్ సల్ఫైడ్‌తో గంటల తరబడి కలపాలి, అందుకే కంటిన్యుయస్‌గా కాకుండా బ్యాచ్‌లుగా నడుపుతారు. దించడం మాత్రం ఇక్కడ సుఖం, అమోనియా ద్రావణం తగలగానే నాలుగు అమోనియాలు పల్లాడియం చుట్టూ చేరి సల్ఫైడ్లని గెంటేస్తాయి, ఛార్జి పాజిటివ్ అయిపోతుంది, ఒక్క పరుగున నీళ్ళలోకి వచ్చేస్తుంది. ఆ ద్రావణానికి హైడ్రోక్లోరిక్ యాసిడ్ కలిపితే పసుపు రంగు పల్లాడియం అమ్మైన్ క్లోరైడ్ అవక్షేపం దిగుతుంది, దాన్ని కాల్చి రిడ్యూస్ చేస్తే స్పాంజ్, అంటే సన్నటి రంధ్రాలున్న లోహపు ముద్ద. పట్టుకునేటప్పుడు ఆలస్యం చేస్తుంది, వదిలేటప్పుడు పేచీ పెట్టదు, అందుకే ఇన్నేళ్ళైనా ఈ రీఏజెంట్ వాడుకలో ఉంది.

ప్లాటినం దగ్గర సంగతి తిరగబడుతుంది. దాని ఆరు క్లోరైడ్లు కదలవు కాబట్టి రీఏజెంట్ లోపలికి దూరే ప్రశ్నే లేదు, బయట్నుంచి అయాన్ మొత్తాన్నీ ఎత్తుకోవాలి. ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్ 5, 6 మోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లోంచి ఆ పని చేస్తుంది. దించడానికి నీళ్ళు గానీ చాలా పలచటి యాసిడ్ గానీ చాలు, యాసిడ్ తగ్గగానే వదిలేస్తుంది. దీనికి పోటీగా ట్రైఆక్టైల్ అమీన్ ఉంది, యాసిడ్‌లో ప్రోటాన్ పట్టుకుని పాజిటివ్ అయిపోయి ప్లాటినం అయాన్‌ని ఇంకా గట్టిగా, తక్కువ గాఢతలోంచి కూడా లాగుతుంది. లాగే బలం ప్రకారం అయితే అమీన్‌దే పై చెయ్యి. కానీ నీళ్ళకి వదలదు, ఆల్కలీ పెట్టి ప్రోటాన్ ఊడబీకాలి, లేకపోతే వేరే గాఢ యాసిడ్ పెట్టి ఆ అయాన్‌తో తోయించాలి, ఆ తర్వాత ఆ ఉప్పులన్నీ మనం మోయాలి. ప్రైమరీ అమీన్లైతే ఇంకో ప్రమాదం, కొంత లోహానికి నేరుగా అంటుకుపోయి అసలు వదలవు, చక్రం తిరిగేకొద్దీ ఆర్గానిక్‌లో చచ్చిన లోహం పేరుకుంటుంది. అప్పుడు మీ సాల్వెంటే మీ ఖజానా అయి కూర్చుంటుంది, తీయడానికి తగలబెట్టడం తప్ప దారి ఉండదు. బలహీనంగా పట్టుకునే ఫాస్ఫేట్‌కి దశలు రెండు పెంచి వాడుకోవడమే మేలని నేననేది ఇందుకే.

ఇరిడియం ఇక్కడ అడ్డం వస్తుంది కదా అని మీకు అనుమానం రావాలి, నాలుగో స్థితిలో అది అచ్చం ప్లాటినంలాగే ఉంటుంది. యాక్టన్ పద్ధతిలో దానికి సల్ఫర్ డయాక్సైడ్ పెట్టి ఇరిడియాన్ని మూడో స్థితికి దించుతారు, ఛార్జి మూడు అయిపోతుంది, ఇక ఫాస్ఫేట్ దాన్ని ముట్టుకోదు. ప్లాటినం మొత్తం వెళ్ళిపోయాక క్లోరిన్‌తో ఇరిడియాన్ని మళ్ళీ నాలుగో స్థితికి ఎక్కించి అదే ఫాస్ఫేట్‌తో లాగేస్తారు. ఒకే సాల్వెంట్, రెండు లోహాలు, మధ్యలో ఒక ఎలక్ట్రాన్ ఇచ్చి పుచ్చుకోవడం, అంతే తేడా. ఆస్మియం, రుథీనియం ఈ వరసలో రావు, వాటి టెట్రాక్సైడ్లు ఆవిరయ్యే గుణం ఉన్నవి కాబట్టి ముందే డిస్టిల్ చేసి తీసేస్తారు, ఆస్మియం టెట్రాక్సైడ్ ఆవిరి కళ్ళకి ఎంత ప్రమాదమో పుస్తకాల్లో చదివే ఉంటారు.

ఇదంతా ఎందుకు, పాత పద్ధతిలో అవక్షేపం చేసుకుంటే పోదా అని అడగొచ్చు. పాత పద్ధతి చిన్నదేం కాదు, విలియం హైడ్ వొలాస్టన్ 1800ల మొదట్లో ప్లాటినం ముడి సరుకుని ద్రవరాజంలో కరిగించి, నవాసారం అంటే అమోనియం క్లోరైడ్ వేసి, పసుపు అవక్షేపం తీసి, మిగిలిన ద్రావణంలో పల్లాడియం, 1804లో రోడియం కనిపెట్టాడు. ద్రవరాజంలో కరగని నల్లటి మడ్డిలోంచి 1803లో స్మిత్సన్ టెనెంట్ ఇరిడియం, ఆస్మియం తీశాడు. ఒక గిన్నె నుంచి ఇద్దరు స్నేహితులు నాలుగు మూలకాలు తీశారు! కానీ అదే చరిత్ర ఆ పద్ధతి లోపాన్ని కూడా చెప్తోంది, అవక్షేపం ఎప్పుడూ పూర్తిగా దిగదు, దిగింది ఎప్పుడూ పూర్తి శుద్ధంగా ఉండదు, స్ఫటికాల మధ్య ద్రావణం చిక్కుకుంటుంది, మళ్ళీ కరిగించి మళ్ళీ దింపాలి, అలా విలువైన లోహం నెలల తరబడి బకెట్లలో తిరుగుతూ ఉంటుంది. సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్ ఆ తిరుగుడు తగ్గించింది. నవాసారం మాత్రం ఇంకా రిటైర్ కాలేదు, ఫాస్ఫేట్ నుంచి దించిన శుద్ధమైన ప్లాటినం ద్రావణానికి చివర్లో వేసేది అదే, అదే పసుపు ఉప్పు, కాల్చితే స్పాంజ్.

ఆ పసుపు ఉప్పు గురించి ఒక మాట. క్లోరోప్లాటినేట్లు ఒంటికి పడని సరుకు, దుమ్ము పీలుస్తూ పనిచేసినవాళ్ళకి ఎలర్జీ పట్టుకుని ఆస్తమాలోకి దిగుతుంది, ఒకసారి పట్టుకుంటే అతి కొద్ది మోతాదుకే రియాక్షన్ వస్తుంది, ఆ మనిషి ఆ పని మానుకోవాల్సిందే. పని చోట గాలిలో కరిగే ప్లాటినం లవణాలకి చాలా దేశాలు పెట్టిన పరిమితి ఘనపు మీటరుకి 2 మైక్రోగ్రాములు, ఎంత తక్కువో చూడండి. సాల్వెంట్ పద్ధతిలో ఎక్కువ భాగం మూసిన ట్యాంకుల్లో ద్రవంగా జరుగుతుంది, పొడి ఉప్పుని పట్టుకునే సందర్భాలు తగ్గుతాయి, నా దృష్టిలో శుద్ధత ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

ప్లాంటులో ఎదురయ్యే తలనొప్పులు త్వరగా చెప్పేస్తాను. పాత ఆటో క్యాటలిస్టుల, అంటే కార్ల పొగని శుభ్రం చేసే భాగాల, సెరామిక్‌లోంచి సన్నటి సిలికా వస్తే రెండు పొరల మధ్య జిగురులాంటి మడ్డి పడుతుంది, క్రడ్ అంటారు, పొరలు విడిపోవు, కాబట్టి ఫీడ్‌ని బాగా వడగట్టడం మీద పెట్టిన ఖర్చు ఎప్పుడూ వృథా కాదు. అమీన్లని పలచన చేయడానికి కిరోసిన్ వాడితే లోడైన కాంప్లెక్స్ దాంట్లో కరగక మూడో పొర కింద విడిపోతుంది, ఐసోడెకనాల్ లాంటి పొడుగు ఆల్కహాల్ కొంచెం కలిపితే సర్దుకుంటుంది. మరీ గట్టిగా గిలక్కొడితే సన్నటి బిందువులు సెట్లర్‌లో, అంటే పొరలు విడిపోయే ట్యాంకులో, తేలకుండా రాఫినేట్‌తో పోతాయి, కంటికి కనపడదు, నెలాఖరుకి లోహం లెక్క తేలదు. మిక్సర్ స్పీడు ఎక్కువైతే ఎక్స్‌ట్రాక్షన్ బాగుంటుందని అనుకోవడం చాలామందికి అలవాటు, అవసరమైనంతే చాలు.

కొత్తగా ఏం జరుగుతోంది అంటే, పాత ఎలక్ట్రానిక్ సామానులోంచి వచ్చే ద్రావణాల్లో బంగారం పిసరంత, రాగి, ఇనుము, తగరం కొండంత. 2016లో ఎడిన్‌బరా యూనివర్సిటీ వాళ్ళు ఒక మామూలు ప్రైమరీ అమైడ్ ఇలాంటి కలగాపులగం లోంచి బంగారాన్ని ఏరుకుంటుందని చూపించారు, ప్రోటాన్ ఎక్కిన అమైడ్లు, బంగారం అయాన్లు కలిసి ఆర్గానిక్‌లో గుంపులు కడతాయి. నాకు అంతకన్నా నచ్చింది, అది నీళ్ళకి వదిలేస్తుంది. కార్బిటాల్ చేయలేనిది అదే కదా. అలాంటి పేపర్ చూసినప్పుడు ఇది పరిశ్రమ బాధ తెలిసినవాళ్ళు రాసింది అనిపిస్తుంది.

ఆఖరున రోడియం. ఇంతదాకా లాగేవి లాగగా ఆ గులాబీ రంగు ద్రావణంలో మిగిలిపోయేది ఇదే, చాలా రిఫైనరీల్లో ఇంకా అవక్షేపం, అయాన్ ఎక్స్ఛేంజ్ రెజిన్ల మీదే ఆధారపడతారు. ఛార్జి మూడు కాబట్టి తొడుగు మందం, పైగా యాసిడ్ గాఢత, వయసు బట్టి క్లోరైడ్లు కొన్ని ఊడి నీళ్ళు చేరతాయి, ఒకే ద్రావణంలో రోడియం నాలుగైదు రూపాల్లో ఉంటుంది, ఒక రూపాన్ని పట్టే రీఏజెంట్ ఇంకోదాన్ని వదిలేస్తుంది. స్టానస్ క్లోరైడ్ వేస్తే రోడియం, తగరం బంధం కట్టుకుని చక్కగా ఆర్గానిక్‌లోకి వస్తుంది, వచ్చాక తగరాన్ని వదిలించి రోడియాన్ని దించడం నరకం. 2008లో జపాన్ పరిశోధకులు అమైడ్, అమీన్ రెండూ ఒకే అణువులో ఉన్న రీఏజెంట్‌తో హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లోంచి రోడియాన్ని లాగి, గాఢమైన హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో మళ్ళీ దించి చూపించారు. యాసిడ్ తక్కువున్నప్పుడు పట్టుకుని ఎక్కువున్నప్పుడు వదలడం, ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్‌కి సరిగ్గా ఉల్టా. మీలో రీసెర్చి చేయాలనుకునేవాళ్ళుంటే ఈ దిక్కుకి రండి, వచ్చినప్పుడు శుద్ధమైన రోడియం క్లోరైడ్ సీసా కొని ప్రయోగం మొదలుపెట్టొద్దు, నెలలు నిల్వ ఉన్న అసలు రాఫినేట్ తెచ్చుకుని దాని మీద చేయండి, పట్టుకున్న శాతంతోపాటు దించిన శాతం, పదో చక్రంలో దించిన శాతం కూడా అదే పట్టికలో పెట్టండి. ఇక ప్రశ్నలుంటే అడగండి, మైకు ముందు ఆ చివరి వరసకి ఇవ్వండి.